టైప్ చేసిన అక్షరాలు ఎటు పోతున్నాయి? లినక్స్ కంప్యూటర్లలో బ్రౌజర్ ‘ఫోకస్’ చిక్కులు, వాటికి మందు

స్కాలర్‌షిప్ ఫారం పంపడానికి రేపే ఆఖరు రోజు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి పాస్‌వర్డ్ కొడుతోంది. పెట్టెలో చుక్కలు పడట్లేదు. మళ్లీ కొట్టింది, ఎంటర్ నొక్కింది. తీరా చూస్తే పాస్‌వర్డ్ మొత్తం పైన అడ్రస్ బార్‌లోకి వెళ్లి, సెర్చ్ ఫలితాలు వచ్చి కూర్చున్నాయి. పక్కనే ఉన్న అమ్మీ “కంప్యూటర్ పాడైపోయిందా బేటా?” అని అడుగుతుంది. అన్నయ్యేమో “నీకు టైప్ చేయడం రాదు” అంటాడు.

నిజానికి కంప్యూటర్ పాడవలేదు, అమ్మాయి తప్పు కూడా లేదు. జరిగిందల్లా ఒకటే. కీబోర్డు ‘ఫోకస్’ ఆమె అనుకున్న చోట లేదు.

ఈ సమస్య ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో ఎదురుపడే అవకాశం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని పాత ల్యాప్‌టాప్‌లను పారేయకుండా వాడుకోవాలంటే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి మంచి దారి. ఖర్చు లేదు, మెషీన్ కూడా తేలిగ్గా నడుస్తుంది. అయితే ఒకే కీబోర్డుతో ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూ మూడూ టైప్ చేసే ఇళ్లలో ఈ ఫోకస్ చిక్కు మరికాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకో, ఏం చేయాలో చూద్దాం.

అసలు ఫోకస్ అంటే ఏంటి?

పాతకాలం ముషాయిరా గుర్తు చేసుకోండి. షాయిర్లు చాలామంది కూర్చుని ఉంటారు. శమా ఎవరి ముందుకు వస్తే వాళ్లే చదవాలి, మిగతావాళ్లు వినాలి. కంప్యూటర్ తెర మీద కూడా అంతే. ఎన్ని విండోలు తెరిచి ఉన్నా కీబోర్డు ఒక్కటే. నొక్కిన అక్షరం ఒక్క చోటికే వెళ్లాలి. ఆ శమా ప్రస్తుతం ఎవరి ముందు ఉందో, అదే ఫోకస్.

ఈ శమాను అటూ ఇటూ జరిపేవాళ్లు ఒక్కరు కాదు. నాలుగు చేతులు ఉన్నాయి.

మొదటిది డెస్క్‌టాప్. ఏ విండోకి కీబోర్డు ఇవ్వాలో అది తేలుస్తుంది. రెండోది బ్రౌజర్. తన విండోలో అడ్రస్ బార్‌కి ఇవ్వాలా, పేజీకి ఇవ్వాలా, కింద వెతికే పట్టీకి ఇవ్వాలా అన్నది దాని పని. మూడోది వెబ్‌పేజీ. ఫారంలో ఏ పెట్టెలో కర్సర్ ఉండాలో పేజీలోని ప్రోగ్రాం మార్చగలదు. నాలుగోది ఐబస్ లాంటి ఇన్‌పుట్ మెథడ్. తెలుగు అక్షరాలు కూర్చేటప్పుడు కీబోర్డుకీ, పెట్టెకీ మధ్యలో ఇది కూర్చుంటుంది. ఈ నలుగురిలో ఒక్కరు పొరబడ్డా అక్షరాలు దారి తప్పుతాయి.

డెస్క్‌టాప్ విషయంలో లినక్స్‌లో రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఎక్స్11 పాతది, 1987లో అమెరికాలోని ఎంఐటీలో వచ్చింది. ఇందులో ఏ ప్రోగ్రామైనా “ఫోకస్ నాకివ్వు” అని లాక్కునే వీలు ఉంది. అందుకే టైప్ చేస్తుంటే మధ్యలో వేరే విండో ఊడిపడి సగం వాక్యం దానిలోకి పోతుంది. రెండోది వేలాండ్, 2008లో మొదలైంది. ఇందులో ప్రోగ్రాములు అడగగలవు కానీ లాక్కోలేవు, నిర్ణయం డెస్క్‌టాప్‌దే. ఉబుంటు 2021లో వచ్చిన 21.04 నుంచి చాలా కంప్యూటర్లలో వేలాండ్‌నే ముందుగా తెరుస్తోంది. మింట్ 22 సిరీస్‌లోని సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్11 మీదే నడుస్తుంది.

వేలాండ్‌లో దొంగతనం తగ్గింది గానీ దానికి తిరగబడ్డ చిక్కు ఒకటి ఉంది. మెయిల్‌లో ఒక లింక్ నొక్కుతారు. అది వెనకాల ఉన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కానీ బ్రౌజర్ ముందుకు రాకుండా “సిద్ధంగా ఉంది” అని చిన్న నోటీసు మాత్రమే కొన్నిసార్లు వస్తుంది. అది గమనించకుండా టైప్ చేస్తే అక్షరాలు మెయిల్ విండోలోనే పడతాయి. ఆ నోటీసు మీద నొక్కితే, లేదా ఆల్ట్-ట్యాబ్ కొడితే బ్రౌజర్ ముందుకొస్తుంది.

లక్షణం చూసి కారణం పట్టుకోండి

డాక్టర్ నాడి చూసినట్టు, ముందు లక్షణం చూడాలి. వెంటనే రీస్టార్ట్ కొట్టేస్తే సగం నింపిన ఫారం పోతుంది.

స్పేస్ నొక్కితే పేజీ కిందికి దూకుతోందా? అంటే ఫోకస్ బ్రౌజర్‌లోనే ఉంది గానీ పెట్టెలో లేదు, పేజీ ఒంటి మీద ఉంది. పెట్టెలో ఒకసారి క్లిక్ చేస్తే చాలు.

అక్షరాలు కొడుతుంటే విండో కింది అంచున వెతికే పట్టీ తెరుచుకుంటోందా? ఇదీ అదే జబ్బు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టె బయట ఉండగా ఏటవాలు గీత కీ నొక్కినా ఆ పట్టీ వస్తుంది. ఎస్కేప్ కొట్టి పెట్టెలో క్లిక్ చేయండి. ఏ అక్షరం కొట్టినా పట్టీ వస్తుంటే, సెట్టింగ్స్‌లోని బ్రౌజింగ్ భాగంలో “టైప్ చేయగానే వెతుకు” అనే అర్థం వచ్చే టిక్కు ఉంటుంది, అది తీసేయండి.

పేజీలోని మామూలు రాత మధ్యలో కర్సర్ మిణుకుమిణుకుమంటూ, బాణం కీలతో కదులుతోందా? ఎప్పుడో పొరపాటున ఎఫ్7 నొక్కి, అడిగిన ప్రశ్నకు సరే అనేసి ఉంటారు. కీబోర్డుతో పేజీ చదివేవాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. మళ్లీ ఎఫ్7 నొక్కితే పోతుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ, క్రోమ్‌లోనూ ఇదే కీ.

టైప్ చేస్తుండగా కర్సర్ ఉన్నట్టుండి రెండు లైన్ల పైకి ఎగిరిపోతోందా? చాలాసార్లు దోషి టచ్‌ప్యాడ్. అరచేయి అంచు తగిలితే కంప్యూటర్ దాన్ని క్లిక్ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ విభాగంలో “టైప్ చేసేటప్పుడు టచ్‌ప్యాడ్ ఆపు” అనే మీట ఉంటుంది, ఆన్ చేయండి. తట్టితే క్లిక్ అయ్యే సదుపాయాన్ని తీసేస్తే ఇంకా మంచిది.

ఏమీ జరగట్లేదు, విండో పైపట్టీ రంగు వెలిసినట్టుందా? ఫోకస్ వేరే విండోలో ఉంది. దాని వెనకాల ఏదో చిన్న డైలాగ్ సమాధానం కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఆల్ట్-ట్యాబ్‌తో ఒక్కొక్కటే చూసుకోండి.

కర్సర్ పెట్టెలోనే మెరుస్తోంది, అయినా అక్షరం పడట్లేదా? ఇంగ్లిష్ కీబోర్డుకి మార్చి చూడండి. ఇంగ్లిష్ పడి తెలుగు పడకపోతే తప్పు బ్రౌజర్‌ది కాదు, ఇన్‌పుట్ మెథడ్‌ది. దాని సంగతి ఇప్పుడు చూద్దాం.

మూడు లిపుల ఇళ్లలో అసలు తలనొప్పి

ఇంగ్లిష్‌లో పేరు, తెలుగులో అర్జీ, ఉర్దూలో దాదాజాన్‌కి ఉత్తరం. ఒకే సాయంత్రం, ఒకే కీబోర్డు. ఇక్కడ మూడు రకాల తేడాలు వస్తాయి.

ఒకటి, భాష మార్చే షార్ట్‌కట్. చాలామంది విండోస్ అలవాటుతో ఆల్ట్-షిఫ్ట్ పెట్టుకుంటారు. అయితే లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ ఆల్ట్ కీని నొక్కి వదిలితే పైన దాక్కున్న మెనూ పట్టీని తెరుస్తుంది, ఫోకస్ అక్కడికి పోతుంది. భాష మారిందనుకుని టైప్ మొదలుపెడితే అక్షరాలు మెనూకి వెళ్తాయి, పెట్టె ఖాళీగానే ఉంటుంది. ఎస్కేప్ కొడితే కర్సర్ వెనక్కి వస్తుంది. శాశ్వతంగా పోవాలంటే భాష మార్చే షార్ట్‌కట్‌ను సూపర్-స్పేస్‌కి మార్చుకోండి. సూపర్ అంటే కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న కీ. ఉబుంటులో మొదటి నుంచీ అదే ఉంటుంది.

ఆల్ట్-షిఫ్టే కావాలి అనేవాళ్లకు మరో దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ తెరిచి, వెతికే పెట్టెలో ‘మెనూ యాక్సెస్ కీ ఫోకసెస్’ అన్న మాటలను ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చిన వరుసలో ట్రూ అని ఉంటే ఫాల్స్ చేయండి. ఇక ఆల్ట్ ఒక్కటే నొక్కితే మెనూ రాదు. ఆ పేజీలో మిగతా వేటినీ ముట్టుకోకండి.

రెండు, భాష మారే క్షణం. ఎక్స్11లో షార్ట్‌కట్ నొక్కినప్పుడు డెస్క్‌టాప్ కాసేపు కీబోర్డు మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ రెప్పపాటులో బ్రౌజర్ “ఫోకస్ పోయింది” అనుకోవచ్చు. అందుకే కొన్ని ఫారాల్లో భాష మార్చగానే జిల్లాల జాబితా మూసుకుపోవడం, ఇంకా నింపని పెట్టె ఎర్రగా మారి తప్పు చూపించడం జరుగుతుంది. మందు తేలికే. ముందు భాష మార్చుకోండి, ఆ తర్వాత పెట్టెలో క్లిక్ చేయండి.

మూడు, ఐబస్ సగం పదం. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో, పదం పూర్తయ్యేదాకా అక్షరాల కింద గీత కనిపించవచ్చు. అంటే ఆ పదం ఇంకా ఐబస్ చేతిలోనే ఉంది, పెట్టెకి అందలేదు. ఆ సమయంలో వేరే చోట క్లిక్ చేస్తే ఆ పదం మాయమైపోవచ్చు, లేదా సగమే పడొచ్చు. పదం అయ్యాక స్పేస్ కొట్టాకే మౌస్ ముట్టుకోవడం అలవాటు చేసుకోండి. అసలు ఏ పెట్టెలోనూ తెలుగు రాకపోతే టెర్మినల్ తెరిచి ‘ఐబస్ రీస్టార్ట్’ అన్న రెండు మాటలను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. బ్రౌజర్ మూయకుండానే చాలాసార్లు దారికొస్తుంది.

ఇంకో సెట్టింగ్ కూడా ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. లినక్స్‌లో భాషను అన్ని విండోలకీ ఒకటే ఉంచొచ్చు, లేదా ప్రతి విండోకీ వేరుగా గుర్తుపెట్టుకోమనొచ్చు. ఉబుంటులో ఇది సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ పేజీలో, మింట్‌లో కీబోర్డ్ లేఔట్స్‌లో ఉంటుంది. వేరుగా పెడితే చాట్ విండోలో ఉర్దూ, ఫారం విండోలో ఇంగ్లిష్ ఉంటాయి. ఫోకస్ మారగానే భాష దానంతట అదే మారుతుంది. కొందరికి ఇది వరం, తెలియని వాళ్లకు మాత్రం “ఇప్పుడే ఉర్దూ పెట్టాను కదా, ఎక్కడికి పోయింది?” అన్న అయోమయం. ఒకే భాష పెడితే ఇంకో ప్రమాదం. ఉర్దూ రాసి వచ్చి నేరుగా పాస్‌వర్డ్ కొడితే చుక్కలు పడతాయి కానీ వెనకాల ఉన్నవి ఉర్దూ అక్షరాలు. మూడుసార్లు తప్పు కొడితే ఖాతా లాక్ చేసే సైట్లు ఉన్నాయి. కంటి బొమ్మ ఉంటే నొక్కి చూసుకోండి, లేకపోతే తెర మూలన భాష గుర్తు చూసుకోండి.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి కర్సర్ ఎక్కడుందో వెతకడమే ఒక పని. ఫైర్‌ఫాక్స్ పెట్టెలో కంట్రోల్-షిఫ్ట్-ఎక్స్ కొడితే రాత దిశ మారుతుంది. అప్పుడు కర్సర్ కుడి అంచుకి వచ్చి స్పష్టంగా కనిపిస్తుంది.

పాస్‌వర్డ్ తప్పు చోట పడితే

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. అడ్రస్ బార్‌లో కొట్టిన అక్షరాలు, సెర్చ్ సలహాలు ఆన్‌లో ఉంటే, ఎంటర్ నొక్కకముందే సెర్చ్ కంపెనీకి వెళ్తుంటాయి. ఎంటర్ నొక్కితే బ్రౌజర్ హిస్టరీలో కూడా మిగులుతుంది. ఇంట్లో నలుగురూ వాడే ల్యాప్‌టాప్‌లో తర్వాత ఎవరు మొదటి అక్షరం కొట్టినా అది కనిపిస్తుంది.

ఇంకో పాత మోసం పేజీలదే. లాగిన్ పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది. మీరు ఆగలేక యూజర్ పేరు కొట్టి, పాస్‌వర్డ్ మొదలుపెట్టారు. అప్పుడే పేజీ పూర్తిగా లోడ్ అయి, కర్సర్‌ను మళ్లీ మొదటి పెట్టెలోకి లాగుతుంది. మిగతా సగం పాస్‌వర్డ్ చుక్కలు లేకుండా, పక్కవాళ్లు చదివేలా పడుతుంది. చాట్ విండో పక్కనే తెరిచి ఉంటే ఆ పాస్‌వర్డ్ ఫ్యామిలీ గ్రూపులోకే వెళ్లొచ్చు.

అలా జరిగితే చేయాల్సినవి ఇవి. మొదట, వీలైనంత త్వరగా ఆ పాస్‌వర్డ్ మార్చేయండి. తర్వాత అడ్రస్ బార్‌లో ఆ మాట సలహాగా కనిపించినప్పుడు బాణం కీతో దాని మీదికి వెళ్లి షిఫ్ట్-డిలీట్ కొట్టి తీసేయండి. గూగుల్‌లో లాగిన్ అయి ఉంటే మై యాక్టివిటీ పేజీలో కూడా ఆ సెర్చ్‌ను చెరిపేయాలి. ముందుజాగ్రత్తగా, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సెర్చ్ సలహాలు ఆపేయండి.

అన్నిటికన్నా మంచి మందు, పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టకుండా బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌తో నింపించడం. అది కర్సర్ ఎక్కడుందని చూడదు, సైట్ చిరునామా సరైనదైతే సరైన పెట్టెలోనే వేస్తుంది. ల్యాప్‌టాప్ నలుగురిదీ అయితే ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఖాతా పెట్టుకున్నాకే ఇది చేయండి.

ఫారం పోవడం మరో భయం. ఒకప్పుడు క్రోమ్‌లో పెట్టె బయట ఫోకస్ ఉండగా బ్యాక్‌స్పేస్ కొడితే పేజీ వెనక్కి పోయేది, నింపినదంతా గల్లంతయ్యేది. ఇలా జనం ఫారాలు పోగొట్టుకుంటున్నారనే 2016లో క్రోమ్ ఆ కీకి ఆ పని తీసేసింది. ఇప్పుడు వెనక్కి పోవడానికి ఆల్ట్-ఎడమ బాణం. కాబట్టి ఆ ప్రమాదం తగ్గింది, పూర్తిగా పోలేదు. పొడవైన అర్జీలు, ఉత్తరాలు ముందు టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి సేవ్ చేసి, తర్వాత ఫారంలో కంట్రోల్-వి కొట్టండి. ఫోకస్ ఎటు పోయినా రాత మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

మౌస్ లేకుండా శమాను పిలిచే కీలు

కంట్రోల్-ఎల్ కొడితే ఫోకస్ అడ్రస్ బార్‌కి వస్తుంది. ఎఫ్6 ఒకటి రెండుసార్లు కొడితే అక్కడి నుంచి పేజీలోకి పోతుంది. ఫోకస్ ఎక్కడ ఇరుక్కుందో తెలియనప్పుడు ఈ రెండూ కలిపి వాడితే చాలాసార్లు దారి దొరుకుతుంది. పేజీలో ట్యాబ్ కీ తర్వాతి పెట్టెకి, షిఫ్ట్-ట్యాబ్ వెనక పెట్టెకి తీసుకెళ్తాయి. వీడియోలోనో, పేమెంట్ పెట్టెలోనో ఫోకస్ ఇరుక్కుంటే పేజీలో ఖాళీగా ఉన్న చోట ఒక క్లిక్ చేయండి.

అప్పటికీ కదలకపోతే ఆల్ట్-ట్యాబ్‌తో వేరే విండోకి వెళ్లి తిరిగి రండి. ఇది నాటు వైద్యంలా కనిపించినా పనిచేస్తుంది. వెళ్లి రావడంతో డెస్క్‌టాప్ బ్రౌజర్‌కి ఫోకస్‌ను కొత్తగా అప్పగిస్తుంది.

ఒకసారి సరిచేసి వదిలేసే సెట్టింగ్స్

మౌస్ ఏ విండో మీదికి పోతే ఫోకస్ అటే పోయే పద్ధతి లినక్స్‌లో ఉంది. ఎవరైనా సరదాగా ఆన్ చేసి మరిచిపోతే ఇంటిల్లిపాదికీ చికాకు. విండో సెట్టింగ్స్‌లో “క్లిక్ చేస్తేనే ఫోకస్” అన్నది ఎంచుకోండి. కేడీఈ వాడేవాళ్లకు విండో బిహేవియర్‌లో ఫోకస్ దొంగతనం ఆపే మెట్లు ఉంటాయి. తరచూ విండోలు ఊడిపడుతుంటే ఒక మెట్టు పెంచండి. ఎక్స్ఎఫ్‌సీఈలో విండో మేనేజర్‌లోని ఫోకస్ పేజీలో, కొత్త విండోకి వెంటనే ఫోకస్ ఇచ్చే టిక్కు తీసేయొచ్చు.

ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబర్‌లో వచ్చిన 121 నుంచి, వేలాండ్ ఉన్న చోట నేరుగా దాని మీదే నడుస్తోంది. మీ దగ్గర ఏది నడుస్తోందో తెలియాలంటే అబౌట్:సపోర్ట్ పేజీలో విండో ప్రోటోకాల్ అనే వరుస చూడండి. ఒకదానిలో తెలుగు సరిగ్గా పడకపోతే రెండోది ప్రయత్నించొచ్చు. ఉబుంటు 24.04 వాడేవాళ్లయితే లాగిన్ తెరలో పేరు ఎంచుకున్నాక కింద కనిపించే పళ్లచక్రం బొమ్మ నొక్కి ‘ఉబుంటు ఆన్ ఎక్సోర్గ్’ ఎంచుకుంటే పాత ఎక్స్11 వస్తుంది.

వెబ్‌సైట్లు తయారుచేసే పిల్లలకు ఒక మాట

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్లలు ఇప్పుడు తక్కువేం కాదు. మస్జిద్ కమిటీకి, స్కూలుకి, దుకాణానికి సైట్ చేసి పెట్టేది వాళ్లే. ఫోకస్ ఉన్న పెట్టె చుట్టూ బ్రౌజర్ గీసే గీతను అందం కోసం తీసేయకండి. ఫోకస్ ఎక్కడుందో కనపడాలని, కీబోర్డు ఒక చోట ఇరుక్కుపోకూడదని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. పేజీ తెరుచుకున్నాక కర్సర్‌ను మీరు జరపకండి. చూపు లేనివాళ్లు లినక్స్‌లో ఆర్కా అనే స్క్రీన్ రీడర్‌తో పేజీ వింటారు. ఫోకస్ ఎటు పోతే ఆ గొంతు అటే పోతుంది. అది తప్పిపోతే వాళ్లకు పేజీయే లేనట్టు.

ఇక ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సింది రెండు సెకన్ల అలవాటు ఒకటే. టైప్ మొదలుపెట్టే ముందు కర్సర్ ఏ పెట్టెలో మెరుస్తోందో, తెర మూలన ఏ భాష ఉందో చూడండి. పాస్‌వర్డ్ అయితే మొదటి అక్షరం కొట్టి, చుక్క పడిందో లేదో చూసి ఆపై కొట్టండి. పడకపోతే చేయి ఆపండి. ఈసారి అమ్మీ “పాడైందా?” అని అడిగితే, పక్కన కూర్చోబెట్టుకుని కర్సర్ చూపించి, “ఇది ఎక్కడుంటే మీ రాత అక్కడ పడుతుంది” అని చెప్పండి. దాదాజాన్‌కి ఉత్తరం ఆవిడే సొంతంగా రాసుకోగలుగుతారు.